తెలుగుకు కాస్త బరువు పని చెబుదాం



ప్రతి యేడూ ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడగడం, పని ఒత్తిడి ఎక్కువగా ఉందని మేము తప్పించుకోవడం మామూలే. ఈసారి ఆ ఒత్తిడి గురించే రాద్దామని కూర్చున్నాం. అయితే ఇది ఆఫీసు ఒత్తిడి కాదు, నీటి ఒత్తిడి. నీటిని నొక్కి వందల టన్నుల బరువులు ఎలా ఎత్తుతారో ముందు చెప్పి, ఆ తరువాత మన బడి గురించి మాకున్న ఒక అభిప్రాయం మీ ముందు పెడతాం. నచ్చనివారు క్షమించాలి. నచ్చినవారు చివర్లో అడగబోయే పనికి చేయి కలపాలి.

గత వేసవిలో బడికి సెలవులిచ్చాక మూడు కుటుంబాలం కలిసి, పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని పీటర్‌బరో వెళ్ళాం. టొరంటో నుంచి గంటన్నర పైన ప్రయాణం. అక్కడ ట్రెంట్-సెవర్న్ జలమార్గం మీద పడవలను ఎత్తి దించే పెద్ద కట్టడం ఒకటుంది. లిఫ్ట్ లాక్ అంటారు. 1904 జులై 9న దాన్ని ప్రారంభించారు. రిచర్డ్ బర్డ్‌సాల్ రోజర్స్ అనే ఇంజనీరు యూరప్ వెళ్ళి అక్కడి ఇటువంటి లిఫ్టులను చూసి వచ్చి దీన్ని రూపొందించాడు.

కాలువ ఆ ఒక్కచోట దాదాపు 20 మీటర్లు కిందికి దిగుతుంది. అంటే ఆరంతస్తుల మేడంత ఎత్తు. పైకాలువలో వచ్చిన పడవ కిందికి దిగాలి, కిందికాలువలో వచ్చినది పైకెక్కాలి. అందుకని రెండు పెద్ద ఇనుప తొట్లు పక్కపక్కనే పెట్టారు. ఒక్కొక్కటి సుమారు 43 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నీళ్ళతో సహా ఒక్కో తొట్టి బరువు సుమారు 1,500 టన్నులు. ఒకటి పైనుంటే రెండోది కింద ఉంటుంది. పడవ తొట్టిలోకి వస్తుంది, తలుపు మూసుకుంటుంది, పై తొట్టి దిగుతుంటే కింది తొట్టి లేస్తుంది. ఆ దిగడం, లేవడం రెండు నిమిషాల ముచ్చట.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నోరు తెరుచుకుని చూసి, "దీన్ని లాగే మోటారేది? తాళ్ళేవి?" అని ఇంగ్లీషులో అడిగింది. మోటారూ లేదు, తాళ్ళూ లేవు, నీళ్ళే ఎత్తుతున్నాయన్నాం. "నీళ్ళెలా ఎత్తుతాయి?" అంది. అంతే, మా నోటికి తెలియకుండానే ఇంగ్లీషు వచ్చేసింది. అయిదు నిమిషాల సేపు ఇద్దరమూ పోటీలు పడి పాఠం చెప్పాం.

పక్కనే అమ్మమ్మ ఉంది. ఆర్నెల్లు మాతో ఉండి వెళ్దామని ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. "ఏమిటే అది? నాకూ చెప్పు" అంది. "అదేనమ్మా... నీళ్ళ ప్రెషర్" అన్నాం. ఆవిడ ఇంకేమైనా చెబుతామేమోనని కాసేపు చూసి, "సరేలే" అని కాలువ వైపు తిరిగింది.

మా ఇంట్లో రెండు ఇంజనీరింగు పట్టాలున్నాయి. మాలో ఒకరు పదో తరగతి వరకూ తెలుగు మీడియంలోనే చదివారు. పాస్కల్ నియమం, పీడనం, ముషలకం అన్నీ ఒకప్పుడు తెలుగులో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవే. ఆ రోజు మాత్రం కన్నతల్లికి చెప్పడానికి నాలుగు వాక్యాలు దొరకలేదు.

తిరిగి వస్తుంటే కారులో లెక్క వేసుకున్నాం. మా ఇంట్లో తెలుగు ఏయే పనులు చేస్తోంది? తిన్నావా, బూట్లు విప్పు, లైటు ఆర్పు, అమ్మమ్మకు నమస్కారం పెట్టు. అన్నీ చిల్లర పనులు. కాస్త బరువైన మాట రాగానే దాన్ని ఇంగ్లీషుకు అప్పగిస్తున్నాం. పిల్లలు ఇది గమనించరా? తెలుగు అంటే అన్నం దగ్గర మాట్లాడడానికీ, వార్షికోత్సవంలో పద్యం అప్పజెప్పడానికీ ఉన్న భాష అని వాళ్ళు తీర్మానించుకుంటారు. మా పెద్దవాడు పదకొండో ఏట ఈ బడి మానేశాడు. అప్పుడది వాడి బద్ధకం అనుకున్నాం, కోప్పడ్డాం. వాడికి అప్పటికి పుడుతున్న ప్రశ్నలకు మా తెలుగులో చోటు లేకపోయిందని ఇప్పుడనిపిస్తోంది.

అందుకే ముందు మేమే పరీక్షకు కూర్చున్నాం. నీళ్ళు బరువెలా ఎత్తుతాయో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి. మేము రాసుకున్న జవాబు ఇదీ.

అన్ని వైపులా మూసి ఉన్న పాత్రలో నీళ్ళు నిండుగా ఉన్నాయనుకోండి. ఒకచోట నొక్కితే ఆ నొక్కుడు ఆ ఒక్కచోటే ఆగదు. నీళ్ళు తగిలే ప్రతి గోడ మీదా, ప్రతి మూల మీదా అంత గట్టిగానూ అదనంగా పడుతుంది. ఈ సంగతిని తేటతెల్లం చేసినవాడు ఫ్రాన్సు దేశపు బ్లెయిజ్ పాస్కల్. 1662లో, నలభై యేళ్ళు కూడా నిండకుండానే పోయాడు. ఆయన రాసినది మరుసటి సంవత్సరం అచ్చయింది.

ఇప్పుడు ఒక సన్న గొట్టాన్నీ, ఒక లావు గొట్టాన్నీ అడుగున కలిపి, రెండింటిలోనూ నీళ్ళు నింపి, పైన పిస్టన్లు బిగించండి. సన్నదాని వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, లావుదానిది వంద. సన్నదాని మీద ఒక కిలో బరువు పెడితే, లావుదాని కింద ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఒక్కో కిలో చొప్పున నెట్టుడు వస్తుంది. మొత్తం వంద కిలోలు. పిట్ట కొంచెం, కూత ఘనం.

మరి ఇదంతా ఊరికే వచ్చిందా? రాలేదు. లావు పిస్టన్ ఒక సెంటీమీటరు లేవాలంటే సన్న పిస్టన్ వంద సెంటీమీటర్లు దిగాలి. బలం ఎంత పెరిగిందో దూరం అంత తరిగింది. మన వైపు లారీ టైరు పంక్చరయితే క్లీనరు కుర్రవాడు కింద దూరి జాకీ కొడుతూ కూర్చోవడం చూసే ఉంటారు. అతను కొట్టే ప్రతి దెబ్బకూ లారీ వెంట్రుకవాసి లేస్తుంది. అంత బండిని ఒక్కడే ఎత్తుతాడు, కానీ ఓపికగా ఎత్తాలి.

పాస్కల్ రాసినది 1663లో అచ్చయినా, దాంతో గట్టిగా పనిచేసే యంత్రానికి ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్నది 1795లో. నూటముప్పై యేళ్ళు ఎందుకు పట్టింది? సూత్రం అందరికీ తెలుసు. పిస్టన్ పక్కనుంచి నీళ్ళు కారకుండా ఆపడమే కష్టం. వదులుగా ఉంటే కారిపోతుంది, బిగిస్తే పిస్టన్ కదలదు. చివరికి తోలుతో చేసిన గిన్నెలాంటి పట్టీ వేశారు. బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లేకు ఆ తెలివి తట్టిందని చెబుతారు. లోపల నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలు అంచు తనంతట తానే గోడకు బిగుసుకుంటుంది. ఒత్తిడి తగ్గితే సడలుతుంది. పెద్ద సూత్రాలు ఇలాంటి చిన్న పనితనం కోసం వందేళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది.

ఇక ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. ఊళ్ళో ట్రాక్టరు తొట్టి పైకి లేచి కంకర ఒంపేది దీనితోనే. జేసీబీ చేయి మట్టి ఎత్తేదీ దీనితోనే. ప్రత్తి మిల్లులో మెత్తని దూదిని రాయిలాగా నొక్కి, సుమారు 170 కిలోల బేళ్ళు కట్టేదీ ఈ ప్రెస్సులే. గోదావరి మీద పోలవరం స్పిల్‌వేకు 48 గేట్లున్నాయి. ఒక్కో గేటు 16 మీటర్ల వెడల్పు, సుమారు 20 మీటర్ల ఎత్తు. వాటిని ఎత్తడానికి గేటుకు రెండు చొప్పున 96 హైడ్రాలిక్ సిలిండర్లు బిగించారు. ఇక్కడైతే నవంబరులో మంచు టైర్లు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు గ్యారేజీలో మన కారును మనిషెత్తు లేపేదీ, వీధిలో మంచు తోసే ట్రక్కు ముందున్న పలకను లేపి దించేదీ ఈ ఒత్తిడే. వీటిలో నీళ్ళకు బదులు నూనె పోస్తారు. నూనె తుప్పు పట్టనివ్వదు, చలికి నీళ్ళలా గడ్డకట్టదు.

మళ్ళీ పీటర్‌బరోకు వద్దాం. అక్కడి ఒక్కో తొట్టి కింద, సరిగ్గా నడిమధ్యన, 2.3 మీటర్ల వ్యాసమున్న ఒక పెద్ద ఇనుప స్తంభం ఉంది. అమ్మమ్మ భాషలో చెప్పాలంటే రోకలి. ఆ రోకలి దిగే రోలు నేలలోకి పాతిన సిలిండరు. దాని నిండా నీళ్ళు. 1,500 టన్నుల తొట్టి మొత్తం ఆ నీళ్ళ మీద నిలబడి ఉంది. మేము ఉజ్జాయింపుగా లెక్కకడితే, ఆ సిలిండరులో ఒత్తిడి సముద్రంలో 350 మీటర్లకు పైగా లోతున ఉండేటంత ఉంటుందని తేలింది.

రెండు సిలిండర్లనూ కలుపుతూ ఒక గొట్టం, దానికి ఒక వాల్వు ఉన్నాయి. ఇక కిటుకు వినండి. పై తొట్టిని కాలువ నీటిమట్టానికి ఒక అడుగు కిందగా ఆపుతారు. తలుపు తెరవగానే ఒక అడుగు నీళ్ళు అదనంగా తొట్టిలోకి వస్తాయి. 43 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అడుగు లోతు. పిల్లలూ, గుణించి చూడండి. సుమారు 130 టన్నులు. ఇప్పుడు వాల్వు తిప్పితే ఎక్కువ బరువున్న పై తొట్టి దిగుతుంది. దాని కింది నీళ్ళు గొట్టం గుండా రెండో సిలిండరులోకి పోయి కింది తొట్టిని లేపుతాయి. ఒక అడుగు నీళ్ళ తేడాతో 1,500 టన్నులు పైకి లేచాయన్నమాట. కిందికి చేరాక ఆ అడుగు నీళ్ళు కిందికాలువలోకి పోతాయి. పైకెళ్ళిన తొట్టిలోకి మరో అడుగు వచ్చి చేరుతుంది.

ఇదంతా రాసుకుని, మందుల షాపులో సూదుల్లేని సిరంజీలు రెండు కొని, చేపల తొట్టికి వాడే గొట్టంతో వాటిని కలిపి, సెప్టెంబరులో బడి తెరిచాక మా రెండో స్థాయి క్లాసుకు తీసుకెళ్ళాం. చిన్న సిరంజీ ఆరేళ్ళ పాప చేతికి ఇచ్చి, పెద్దది మాలో ఒకరం పట్టుకున్నాం. పాప నొక్కింది, మేము ఎంత బిగబట్టినా పెద్ద పిస్టన్ వెనక్కి జరిగింది. పిల్లలు బల్లలెక్కి అరిచారు. ఒకసారి గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుంది. నొక్కితే బుడగ అణిగిపోతోంది తప్ప అవతల కదలిక సరిగా రావడం లేదు. మన మెకానిక్కులు బ్రేకు ఆయిల్లో గాలి చేరితే ఎందుకంత కంగారుపడతారో అప్పుడు చెప్పాం.

తరువాత అసలు చర్చ మొదలైంది. పెద్ద పడవ వస్తే తొట్టి బరువు పెరగదా అని ఒకడు అడిగాడు. ఏనుగునెక్కించుకున్న పడవ వస్తే ఎలాగని ఇంకొకడు. పడవ తన బరువుకు సమానమైన నీళ్ళను పక్కకు తోసి బయటికి పంపేస్తుంది కాబట్టి, పడవ ఉన్నా లేకున్నా, నీటిమట్టం అంతే ఉంటే తొట్టి బరువు మారదని చెప్పాం. వాళ్ళు ఒప్పుకోలేదు. "నీళ్ళు పోతాయి, ఏనుగు వస్తుంది, సేమే" అని మా అమ్మాయి వాళ్ళతో వాదించింది. ఆ వాక్యంలో ఒక్క ఇంగ్లీషు ముక్క ఉంది. ఉండనివ్వండి. ఇరవై నిమిషాలు పిల్లలు ఎవరూ బలవంతపెట్టకుండా తెలుగులో పోట్లాడుకున్నారు. ఇన్నేళ్ళ శనివారాల్లో మేము అటువంటిది చూడలేదు.

ఇక మా అభిప్రాయం. మన బడిలో పద్యాలు, కథలు, పండుగలు ఉన్నాయి. అవి ఉండాలి. కానీ వాటితో పాటు, వస్తువులు ఎలా పనిచేస్తాయో తెలుగులో మాట్లాడుకునే సమయం కూడా ఉండాలి.

ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో అన్నప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. రెండూ సబబైనవే. మొదటిది, సైన్సు వాళ్ళ స్కూల్లో ఎలాగూ చెబుతారు, వారానికున్న రెండు గంటలూ తెలుగుకే వాడాలి కదా అని. నిజమే. మేము సైన్సు నేర్పడానికి అడగడం లేదు, తెలుగు నేర్పడానికే అడుగుతున్నాం. ఎందుకు, ఎలా, అయితే, కాబట్టి, అలా కాకపోతే అనే మాటలు పిల్లల నోట ఎప్పుడు వస్తాయి? ఏదైనా వివరించవలసి వచ్చినప్పుడే కదా! నొక్కడం, అణగడం, ఒరగడం, బిగుసుకోవడం, సడలడం, కారడం అనే క్రియలు మేము ఆ ఒక్క రోజులో వాడినన్ని ఆ ముందు యేడాదంతా వాడి ఉండం.

రెండో అభ్యంతరం మాటల గురించి. పీడనం, ముషలకం అంటే పిల్లలు పారిపోరా అని. పారిపోతారు, మేమూ పారిపోతాం. పిస్టన్, సిలిండరు, వాల్వు అని మన ఊరి మెకానిక్కులు ఎలా అంటారో అలాగే అందాం. వస్తువు పేరు ఎక్కడిదైనా ఫరవాలేదు, వాక్యం తెలుగుదైతే చాలు. ఒత్తిడి అనే మాట చాలినచోట పీడనంతో పనేముంది? అయితే పెద్ద పిల్లలకు పీడనం అనే మాట కూడా ఒకటుందని చెబుదాం. తెలిసి ఉండడం వేరు, మోయలేక మోయడం వేరు.

అక్టోబరులో అమ్మమ్మ ఊరికి వెళ్ళిపోయింది. మామూలుగా ఫోనులో మనవరాలితో మాటలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. బాగున్నావా బంగారం, బాగున్నా అమ్మమ్మా, ఏం తిన్నావు, పప్పన్నం, సరే అమ్మకివ్వు. ఆ ఆదివారం మాత్రం మా అమ్మాయి ఫోను వదల్లేదు. "అమ్మమ్మా, ఆ పడవల తొట్టి గుర్తుందా? అది ఎలా లేస్తుందో చెప్పనా?" అని మొదలుపెట్టింది. రోలు, రోకలి, అడుగు నీళ్ళు అన్నీ చెప్పింది. తడబడింది, మళ్ళీ మొదటికొచ్చింది. అవతల నుంచి అమ్మమ్మ, "అంటే మన ట్రాక్టరు తొట్టి లేచినట్టేనా?" అంది. "అదే! కానీ అందులో నూనె, ఇందులో నీళ్ళు" అంది మా అమ్మాయి. "మరి నూనె కారిపోదూ?" అని ఆవిడ అడిగింది. బ్రామా యంత్రానికి అడ్డుపడిన ప్రశ్న అదేనని ఆవిడకు తెలియదు. తోలు పట్టీ గురించి చెప్పాల్సి వచ్చింది. పావుగంట దాటిపోయింది. పక్కగదిలో ఉన్న పెద్దవాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు, నవ్వి వెళ్ళిపోయాడు. మాకదే చాలు.

ఇప్పుడు మీ సాయం అడిగే పని. నెలకు ఒక శనివారం, ఒక్క పావుగంట, "ఇదెలా పనిచేస్తుంది?" అనే పేరుతో బడిలో పెడదాం. ఒక్కో నెల ఒక్కో ఇంటివారు వచ్చి తమకు తెలిసిన ఒక వస్తువు గురించి తెలుగులో చెప్పాలి. కుక్కరు విజిలు కావచ్చు, దంతవైద్యుడి కుర్చీ కావచ్చు, కవ్వం కావచ్చు. నర్సులు, డ్రైవర్లు, లెక్కలు చూసేవారు, వంటవారు అందరూ రావచ్చు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు వస్తే ఇంకా మంచిది. మాట దొరక్క తడుముకుంటే సిగ్గుపడనక్కరలేదు. మేము ముందే తడుముకున్నాం.

పిల్లల చదువులో ఇంగ్లీషు తొట్టిని ఖాళీ చేయమని ఎవరూ అడగడం లేదు. అది నిండుగానే ఉండాలి. ఇటువైపు తొట్టిలో ఒక అడుగు నీళ్ళు పోయమనే అడుగుతున్నాం.

చివరగా పిల్లలకు ఒక లెక్క. చిన్న పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, పెద్దదానిది 50. చిన్నదాని మీద 3 కిలోల బరువు పెడితే, పెద్దది ఎన్ని కిలోలు మోస్తుంది? చిన్నది 50 సెంటీమీటర్లు దిగితే, పెద్దది ఎంత లేస్తుంది? జవాబు మాకు చెప్పనక్కరలేదు. ఈ వారం ఫోను చేసినప్పుడు మీ తాతయ్యకో, నానమ్మకో చెప్పండి. ఎందుకలా వచ్చిందని వాళ్ళడిగితే, అదీ చెప్పండి. తెలుగులో.